పెద్ద సంఖ్య చేతికొస్తే దాని లక్షణాలన్నీ రాబట్టడం ఎలా?

ఎనిమిదంకెల సంఖ్య ఒకటి ఇచ్చి "దీనికి కారణాంకాలు ఎన్ని? ఇది ప్రధాన సంఖ్యా? వర్గ సంఖ్యా?" అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని చాలామంది మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. నేను చెప్పేది ఒకటే. ముందు దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టండి. ఆ పని సరిగ్గా జరిగితే మిగతావన్నీ నాలుగు గుణకారాల్లో వచ్చేస్తాయి. అక్కడ తప్పు దొర్లితే ఆ కింద రాసేదంతా తప్పే. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు విడగొట్టడానికే ఇచ్చాను.

మొదటి నుంచి చివరి దాకా ఒకే సంఖ్య తీసుకుందాం: 4,78,61,352. చదువుకుంటూ పోకుండా మీరూ పక్కన కాగితం మీద చేస్తూ రండి.

కావలసినవి

- గళ్ల కాగితం, పెన్సిల్. గళ్లు ఎందుకంటే అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడాలి. భాగారంలో సగం తప్పులు అంకెలు పక్క వరసలోకి జారడం వల్లే వస్తాయి.
- కనీసం పదంకెలు చూపించే క్యాలిక్యులేటర్. ఎనిమిదంకెలదైతే దశాంశాల తోక కోసేస్తుంది, శేషం ఉందో లేదో కనిపించదు.
- 100 లోపు ప్రధాన సంఖ్యల జాబితా: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61, 67, 71, 73, 79, 83, 89, 97. మొత్తం 25.

జాబితా సొంతంగా రాసుకుంటే 51, 57, 87, 91 దూరిపోయాయేమో చూసుకోండి. పైకి ప్రధాన సంఖ్యల్లాగే కనిపిస్తాయి గానీ 51 = 3 × 17, 57 = 3 × 19, 87 = 3 × 29, 91 = 7 × 13. ఇంకొకటి, 1 ప్రధాన సంఖ్య కాదు, జాబితాలో పెట్టకండి.

1. సంఖ్యను సరిగ్గా దించుకోండి

నవ్వుకోకండి. పెద్ద సంఖ్యలతో వచ్చే తిప్పలు చాలావరకు ఇక్కడే పుడతాయి. అంకెలు లెక్కపెట్టండి, ఎనిమిది ఉన్నాయి. ఆ తర్వాత కుడి నుంచి ఎడమకు ఒక్కో అంకె చదువుతూ అసలుతో పోల్చండి. ఎడమ నుంచి చదివితే కన్ను తను ఊహించుకున్నదే చూస్తుంది.

అంకెల మొత్తం పక్కన రాసుకోండి: 4+7+8+6+1+3+5+2 = 36. దీనితో ముందు ముందు పని పడుతుంది.

కామాల విషయంలో జాగ్రత్త. మనం లక్షలు, కోట్ల పద్ధతిలో 4,78,61,352 అని రాస్తాం. కొన్ని పరీక్షలకు కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు కావాలి: 47 | 861 | 352. మన కామాల దగ్గరే విరిచేసి 4, 78, 61, 352 అని వాడితే జవాబు తప్పుతుంది. దించుకునేటప్పుడే కామాలు లేకుండా 47861352 అని ఒకసారి రాసిపెట్టుకోవడం మంచిది.

2. చూడగానే తేలిపోయేవి

చివరి అంకె 2 కాబట్టి ఇది సరి సంఖ్య. 2 కాని సరి సంఖ్య ప్రధాన సంఖ్య కాలేదు, ఆ ప్రశ్న అక్కడికి తీరిపోయింది.

వర్గ సంఖ్య కూడా కాదు. వర్గ సంఖ్య చివరి అంకె 0, 1, 4, 5, 6, 9లలో ఒకటే అవుతుంది. 2, 3, 7, 8తో ముగిస్తే ఇక చూడక్కర్లేదు. దీన్ని తిరగేసి వాడకూడదు. 6తో ముగిసినంత మాత్రాన వర్గం అయిపోదు, 26 చూడండి.

వర్గమూలం ఎక్కడుంటుందో కూడా రాసుకోండి. 6918² = 4,78,58,724, 6919² = 4,78,72,561. మన సంఖ్య ఈ రెంటి మధ్యన ఉంది.

3. భాగారం చేయకుండానే ఏవి పోతాయో చూడండి

2, 4, 8: చివరి మూడంకెలు 352. 352 ÷ 8 = 44, శేషం లేదు. కాబట్టి 8తో పోతుంది. 16కి చివరి నాలుగంకెలు చూడాలి: 1352 ÷ 16 = 84.5, పోదు. అంటే 2 సరిగ్గా మూడుసార్లే ఉంది.

3, 9: అంకెల మొత్తం 36, 9తో పోతుంది. కాబట్టి సంఖ్య కూడా 9తో పోతుంది. కొందరు ఇదే వరసలో 27కీ అంకెల మొత్తమే చూస్తారు. ఆ సూత్రం 27కి పనిచేయదు. 9 దగ్గర ఆగి, భాగించాక మళ్లీ చూడాలి.

5: చివరి అంకె 0 గానీ 5 గానీ కాదు, పోదు.

7, 11, 13: ఈ మూడింటికీ ఒకే పరీక్ష చాలు, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. మూడేసి అంకెల గుంపులను కుడి నుంచి ఒకసారి కూడి, ఒకసారి తీసేస్తూ పోండి:

352 − 861 + 47 = −462

రుణ గుర్తు వదిలేయండి. 462 = 7 × 66, కాబట్టి 7తో పోతుంది. 462 = 11 × 42, కాబట్టి 11తోనూ పోతుంది. 13తో భాగిస్తే 7 మిగులుతుంది, పోదు. ఒక్క తీసివేతతో మూడు ప్రశ్నలు తీరిపోయాయి. 7కి చివరి అంకెను రెట్టింపు చేసి తీసేసే పద్ధతి కూడా ఉంది గానీ, ఎనిమిదంకెల మీద అది సాగదీత. నేనైతే 1001 పద్ధతే వాడమంటాను.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ: 4తో పోతుంది, 6తో పోతుంది, కాబట్టి 24తో పోతుందని రాసేస్తారు. 36 తీసుకోండి. 4తో పోతుంది, 6తో పోతుంది, 24తో పోదు. రెండు పరీక్షల ఫలితాలను గుణించాలంటే ఆ రెంటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 8, 9కి అలాంటిది లేదు కాబట్టి మన సంఖ్య 72తో పోతుందని ధైర్యంగా రాయొచ్చు.

4. మెట్లు దిగండి

చిన్న ప్రధాన సంఖ్యతో మొదలుపెట్టండి. అది ఇక పోనంటేనే తర్వాతిదానికి వెళ్లాలి.

47861352 ÷ 2 = 23930676
23930676 ÷ 2 = 11965338
11965338 ÷ 2 = 5982669 (బేసి సంఖ్య, 2తో పని అయిపోయింది)
5982669 ÷ 3 = 1994223
1994223 ÷ 3 = 664741 (అంకెల మొత్తం 28, ఇక 3తో పోదు)
664741 ÷ 7 = 94963
94963 ÷ 11 = 8633

7 ఒకసారి పోయాక మళ్లీ 7తో చూశారా? 94963ను 7తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి లేదు. 8633ను 11తో భాగిస్తే 9 మిగులుతుంది, అదీ లేదు. ఒకసారి పోయిందంటే పని అయిపోయినట్టు కాదు, అదే సంఖ్యతో ఇంకోసారి చూడాలి. దీన్ని మర్చిపోతే ఘాతాంకం తగ్గిపోతుంది, కారణాంకాల సంఖ్య కూడా తప్పుతుంది.

5. మిగిలిన ముక్క ప్రధాన సంఖ్యేనా?

అసలు పని ఇక్కడుంది. 8633ను చూడండి. సరి సంఖ్య కాదు, 3, 5, 7, 11 ఏవీ పోవు. "ప్రధాన సంఖ్యే అయ్యుంటుంది" అనిపిస్తుంది. అనిపించడంతో ఆగొద్దు.

ఎక్కడిదాకా వెతకాలి? వర్గమూలం దాకా. 92² = 8464, 93² = 8649. కాబట్టి 92 దాటి వెతకక్కర్లేదు. ఒక కారణాంకం 92 కంటే పెద్దదైతే దాని జత 92 లోపే ఉండి తీరాలి. గుర్తుపెట్టుకోండి, వర్గమూలం తీయాల్సింది మిగిలిన ముక్కకు, మొదటి సంఖ్యకు కాదు. 6918 దాకా వెతుకుతూ కూర్చుంటే రోజంతా పోతుంది.

ఇప్పుడు 13 నుంచి 89 దాకా ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించి శేషం రాయండి:

13 → 1, 17 → 14, 19 → 7, 23 → 8, 29 → 20, 31 → 15, 37 → 12, 41 → 23, 43 → 33, 47 → 32, 53 → 47, 59 → 19, 61 → 32, 67 → 57, 71 → 42, 73 → 19, 79 → 22, 83 → 1, 89 → 0

8633 = 89 × 97. జాబితాలో ఆఖరి సంఖ్య దగ్గర దొరికింది! 83 దగ్గర విసుగొచ్చి "ఇక ఏముందిలే, ప్రధాన సంఖ్యే" అని రాసేసినవాళ్ల జవాబు మొత్తం పోయినట్టే. హద్దు 92 అంటే 89ను కూడా చూసి తీరాలి. ఇదే పని 8641 మీద చేస్తే 89 దాకా ఒక్కటీ పోదు. అప్పుడు మాత్రం అది ప్రధాన సంఖ్యే అని నిశ్చింతగా రాయొచ్చు.

క్యాలిక్యులేటర్‌లో శేషం చూసే తీరు కూడా చెప్పాలి. 8633 ÷ 83 కొడితే 104.012 అని వస్తుంది. ఆ చిన్న తోక చూసి "దాదాపు పోయింది" అనుకోకండి. పోవడం అంటే పూర్తిగా పోవడమే. పూర్ణ భాగం తీసుకుని 104 × 83 = 8632, 8633 − 8632 = 1 అని శేషం రాయండి. దశాంశ తోకను 83తో గుణించి శేషం రాబట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే అంకెలు సవరించబడి 0.996 లాంటివి వస్తాయి, ఆపైన టెన్షన్ మీది.

దగ్గరి దారి. పై జాబితా మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఇది ప్రయత్నించండి. 8633 తర్వాత వచ్చే వర్గ సంఖ్య 93² = 8649. తేడా 16, అది 4 వర్గం. కాబట్టి 8633 = 93² − 4² = (93 − 4)(93 + 4) = 89 × 97. ఒక్క తీసివేతలో తేలిపోయింది. తేడా వర్గ సంఖ్య కాకపోతే 94², 95² అని ముందుకు వెళ్లి చూడాలి. ఇది ఫెర్మా పద్ధతి. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటే వెంటనే పట్టేస్తుంది, దూరంగా ఉంటే ఎంతకీ తెమలదు. మూడు నాలుగు వర్గాలు చూసి తేలకపోతే వదిలేసి జాబితాకే వెళ్లండి.

6. వెనక్కి గుణించి సరిచూడండి

4,78,61,352 = 2³ × 3² × 7 × 11 × 89 × 97

8 × 9 = 72, 72 × 7 = 504, 504 × 11 = 5544, 5544 × 8633 = 47861352. సరిపోయింది. ఈ మెట్టు ఎగ్గొట్టడానికి ఏ సాకూ పనికిరాదు.

చేత్తో చేసిన గుణకారాన్ని అంకెల మొత్తంతో కూడా చూడొచ్చు. 89 × 97కి: 89 → 17 → 8, 97 → 16 → 7. 8 × 7 = 56 → 11 → 2. 8633 → 20 → 2. కుదిరింది. అయితే ఈ పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. జవాబును పొరపాటున 8363 అని రాసినా 2 వస్తుంది, అంకెలు తారుమారైతే మొత్తం మారదు కదా. అందుకే 11 పరీక్ష కూడా చేయండి. 11తో 89కి శేషం 1, 97కి శేషం 9, కాబట్టి లబ్ధానికి 9 రావాలి. 8633కి 9 వస్తుంది. 8363కి 3 వస్తుంది, దొంగ దొరికిపోయాడు. పక్కపక్క అంకెలు తారుమారైతే 11 పరీక్ష పట్టేస్తుంది. ఒకటి విడిచి ఒకటి మారితే మాత్రం దానికీ కనిపించదు.

7. ఇక లక్షణాలు రాయండి

*కారణాంకాలు ఎన్ని?* ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణించండి: (3+1)(2+1)(1+1)(1+1)(1+1)(1+1) = 4 × 3 × 2 × 2 × 2 × 2 = 192. ఇందులో 1, ఆ సంఖ్య రెండూ లెక్కలోకి వచ్చాయి. సరిచూసే చిట్కా: కారణాంకాల సంఖ్య బేసి అయితేనే అది వర్గ సంఖ్య. 192 సరి సంఖ్య, మనం రెండో మెట్టులో "వర్గం కాదు" అన్నదానితో కలుస్తోంది.

*కారణాంకాల మొత్తం:* (1+2+4+8) × (1+3+9) × (1+7) × (1+11) × (1+89) × (1+97) = 15 × 13 × 8 × 12 × 90 × 98 = 16,51,10,400. 3²కి (1+9) అని రాసి మధ్యలో 3ను మింగేయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు.

ఆ మొత్తంలోంచి అసలు సంఖ్యను తీసేస్తే 11,72,49,048. ఇది 4,78,61,352 కంటే ఎక్కువ. అంటే తనను మినహాయించి మిగతా కారణాంకాలను కూడితే తనను మించిపోతుంది. 6 కంటే పెద్దవైన 6 గుణిజాలన్నీ ఇలాగే ఉంటాయి, మనదీ 6 గుణిజమే. మీకు తక్కువ వచ్చిందంటే గుణకారం మళ్లీ చూసుకోండి.

*1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని?* 1 నుంచి ఈ సంఖ్య దాకా ఉన్నవాటిలో దీనితో ఏ కారణాంకాన్నీ పంచుకోనివి ఎన్నో చెప్పేది ఆయిలర్ ఫై. 2³కి 8 − 4 = 4, 3²కి 9 − 3 = 6, మిగతా ప్రధాన సంఖ్యలకు ఒకటి తక్కువ: 4 × 6 × 6 × 10 × 88 × 96 = 1,21,65,120. 2 కంటే పెద్ద ఏ సంఖ్యకైనా ఈ జవాబు సరి సంఖ్యే అవుతుంది. బేసి వస్తే ఎక్కడో జారారు.

*వర్గం చేయాలంటే ఎంతతో గుణించాలి?* బేసి ఘాతాంకాలున్నవాటిని ఒక్కోసారి తీసుకోండి: 2 × 7 × 11 × 89 × 97 = 13,29,482.

*రెండు వర్గాల మొత్తంగా రాయగలమా?* లేదు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యల ఘాతాంకాలన్నీ సరి సంఖ్యలై ఉండాలి. 7 అలాంటిదే, దాని ఘాతాంకం 1.

*బైనరీలో (0, 1 అంకెలతోనే రాస్తే):* 10110110100100111001101000, మొత్తం 26 బిట్లు. చివర సున్నాలు మూడు. 2 ఘాతాంకం 3 కదా, అది సరిపోవాలి.

సూత్రాల మీద నమ్మకం కుదరకపోతే 12 మీద పెట్టి చూడండి. 12 = 2² × 3. కారణాంకాలు 1, 2, 3, 4, 6, 12, మొత్తం ఆరు: 3 × 2 = 6. వాటి మొత్తం 28: 7 × 4. ఫై విలువ 4: అవి 1, 5, 7, 11. వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు.

8. సంఖ్య ఇంకా పెద్దదైతే

పన్నెండు, పదిహేను అంకెలు దాటితే చేత్తో వద్దు. అయితే కంప్యూటర్‌కి ఇచ్చేటప్పుడూ గుంటలు ఉన్నాయి.

ఎక్సెల్ 15 అంకెల వరకే నిఖార్సుగా పెట్టుకుంటుంది. 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, చెప్పదు కూడా. మామూలు దశాంశ లెక్క వాడే ప్రోగ్రాముల్లో 9,00,71,99,25,47,40,992 దాకా, అంటే 2 ఘాతం 53 దాకా పూర్ణ సంఖ్యలు భద్రం. దానికి 1 కలిపితే ఆ 1 మాయమవుతుంది. మీ తెరపై "E+15" లాంటిది కనిపించిందంటే చివరి అంకెలు ఇప్పటికే పోయి ఉండొచ్చు, ఆ జవాబుతో భాజనీయత చూడకండి. పైథాన్‌లో పూర్ణ సంఖ్యలకు ఈ హద్దు లేదు. కానీ భాగారానికి ఒక గీత ( / ) వాడితే దశాంశం అయిపోతుంది. రెండు గీతలు ( // ) భాగఫలానికి, శాతం గుర్తు ( % ) శేషానికి వాడండి. లైనక్స్ ఉంటే ఫ్యాక్టర్ ( factor ) అనే కమాండ్ సిద్ధంగా ఉంటుంది, పక్కన సంఖ్య ఇస్తే చాలు.

ప్రధాన సంఖ్యా కాదా అన్నంతవరకే కావాలంటే విడగొట్టక్కర్లేదు, పరీక్షలు ఉన్నాయి. అందులో తేలికైనది: మీ సంఖ్యను n అనుకుంటే, 2ను (n − 1) ఘాతానికి ఎక్కించి nతో భాగించాలి. శేషం 1 రాకపోతే, n బేసి సంఖ్య అయితే, అది ప్రధాన సంఖ్య కాదు. శేషం 1 వస్తే మాత్రం తొందరపడొద్దు. 341 తీసుకోండి. 2 ఘాతం 10 అంటే 1024 = 3 × 341 + 1, కాబట్టి 2 ఘాతం 340కి కూడా శేషం 1 వస్తుంది. అయినా 341 = 11 × 31. అందుకే ఇదే పరీక్షను ఇంకా గట్టిగా చేసే మిల్లర్-రాబిన్ పరీక్ష వాడండి. సంఖ్య 64 బిట్లలో పట్టేదైతే 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రధాన సంఖ్యలతో ఆ పరీక్ష చేస్తే చాలు, జవాబులో అనుమానానికి చోటుండదు.

మచ్చుకి 4,29,49,67,297 ఇచ్చి చూడండి. ఇది 2 ఘాతం 32కి 1 కలిపితే వచ్చేది. ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ 641 × 67,00,417 అని విడగొట్టి చూపించాడు. మీ ప్రోగ్రాం కూడా ఇదే చూపించాలి. "ప్రధాన సంఖ్య" అని వస్తే ఎక్కడో 32 బిట్ల హద్దు దాటి పొంగిపోయిందేమో వెతకండి.

కంప్యూటర్ కూడా ఎంతకీ విడగొట్టలేని ముక్క మిగిలితే, పరీక్ష అది సంయుక్త సంఖ్య అని తేల్చితే, దాన్ని అలాగే రాయండి: దొరికిన కారణాంకాలు ఇవి, మిగిలిన ఇన్ని అంకెల ముక్క సంయుక్తం, ఇంకా విడగొట్టలేదు. ఆ ముక్క పక్కన కారణాంకాల సంఖ్య, ఫై విలువ రాయకండి. దాన్ని ప్రధాన సంఖ్యగా లెక్కేసి వచ్చిన విలువలు ఖచ్చితంగా తప్పే.